తీసేయించిన మాట

వాడు పోయాడన్న కబురు గ్రూపులోనే వచ్చింది.

ఆషాఢమాసం, మధ్యాహ్నం. చీపురుపల్లిలో మాది ఇనుప సామాను కొట్టు. భోజనానికని షట్టరు సగం దించుతుంటే జేబులో ఫోను కదిలింది. మా డిగ్రీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో టెక్కలి మిత్రుడొకడు పెట్టాడు: 'మన నౌపడ మావ ఈ ఉదయం కాలం చేశాడు.' షట్టరు పూర్తిగా దించి మళ్ళీ చూసేసరికి దండాల బొమ్మలు వరసగా దిగుతున్నాయి. ముప్పై, నలభై. కొందరు ఒక కంట నీటిచుక్క ఉన్న పసుపుపచ్చ మొహం పెట్టారు. ఒకడు 'మంచి మనిషి, ఉన్నది ఉన్నట్టు మాట్లాడేవాడు' అని రాశాడు. దాని కింద చాలామంది 'నిజం' అన్నారు. సాయంత్రం టీ వేళకి ఎవరో పెళ్ళాల మీద జోకు పంపారు. నవ్వే మొహాలు దిగాయి.

ఒకరికొకరు ఫోను చేసుకున్నవాళ్ళు లేరు. నేనూ చెయ్యలేదు. ఆ గ్రూపు పెట్టింది నేనే, అడ్మిన్ని నేనే. ఇప్పుడా గ్రూపు లేదు. వాడి పదో రోజు నుంచి తిరిగొచ్చి నేనే మూసేశాను.

వాడి పేరు ఇక్కడ రాయను. రాస్తే వాడి భార్య ఎవరో, ఆమె చెల్లెలు ఎవరో ఆ ఒడ్డున ఉన్న ఊళ్ళన్నిటికీ తెలిసిపోతుంది. వాళ్ళ గురించి లోకం ఇప్పటికే చెప్పుకున్నది చాలు.

వాడిది పాటగొంతు. సినిమా పాట కాదు. నౌపడ స్టేషన్లో దిగి, ఉప్పు మడులు దాటి సముద్రం వైపు పోతే వాళ్ళ ఊరు. పొద్దున్నే పడవలు ఒడ్డుకి రాగానే చేపలు బుట్టల్లోకెత్తి, ఇసకలో పెట్టి వేలం వేస్తారు. దాన్నే అక్కడ పాట అంటారు. ఊళ్ళో పాట పెట్టేది వాడు. మనిషి పొట్టి, సన్నం. గొంతు మాత్రం ఆ ఒంటికి తగ్గది కాదు. ఒక కాలు ఇసకలో, ఒక కాలు బుట్ట అంచు మీద పెట్టి నిలబడేవాడు. పాట తెగే ముందు కళ్ళు మూసుకునేవాడు.

"కళ్ళెందుకు మూస్తావురా?" అని ఒకసారి అడిగాను.

"కొనుక్కునే ఆడోళ్ళ మొకాలు సూస్తే రేటు దిగిపోతాదిరా సావుకారీ," అన్నాడు.

మాది వ్యాపారస్తుల ఇల్లని కాలేజీ రోజుల నుంచీ నన్ను సావుకారీ అనే పిలిచేవాడు. మా బ్యాచ్‌లో వాడి ఊరి నుంచి డిగ్రీ దాకా వచ్చింది వాడొక్కడే. పాసయ్యాడు కూడా. అయినా ఒడ్డుకే తిరిగి వెళ్ళాడు.

రాయడం వాడికి గిట్టేది కాదు. "నా ఏళ్ళు లావురా, ఒక్క అచ్చరం నొక్కితే మూడు పడతన్నాయి," అని గ్రూపులో అన్నీ గొంతుతోనే చెప్పేవాడు. ముందు రెండుసార్లు దగ్గేవాడు. తర్వాత "ఆఁ, ఇనండి," అనేవాడు. చెప్పాల్సింది అయిపోయాక, పాతకాలం ఫోనులో మాట్లాడినట్టు, "అంతే. పెట్టేస్తన్నాను," అనేవాడు. వెనకాల గాలి హోరు, అప్పుడప్పుడు ఎవరో చేపలమ్మే ఆమె తిట్టు. రికార్డు నొక్కే ముందు జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకోవడం నేను కళ్ళారా చూశాను. "ఎవడు చూస్తాడురా నిన్ను?" అంటే, "అరవైమంది ఇంటారు గదా," అన్నాడు.

బాధ కలిగించే మాట చెప్పే ముందు నవ్వేవాడు. ఆ అలవాటు ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండగా వాళ్ళ నాన్న ఎక్కిన పడవ తిరిగి రాలేదు. కబురు తెచ్చిన మనిషి గేటు దగ్గరే నిలబడిపోయాడు. వీడు లోపలికి వచ్చి మాతో, నవ్వి, "మా అయ్య పోనాడంటరా," అన్నాడు. బస్సుకి ఇంకా రెండు గంటలుంది. ఆ రెండు గంటలూ నూతి దగ్గర కూర్చుని గదిలో ఉన్న బట్టలన్నీ ఉతికాడు. తనవి, మావి కూడా. ఒక్కొక్కటి పిండి, దులిపి, తాడు మీద వేశాడు. మేం నలుగురం వరండాలో నిలబడి చూశాం. చివరికి నేనే వెళ్ళి భుజం తట్టి, "మగాడివి, ధైర్యంగా ఉండాలి," అన్నాను. వాడు తలూపి నా చొక్కా పిండాడు. అప్పుడు నేనేదో మంచి మాట చెప్పాననే అనుకున్నాను.

గ్రూపు రెండువేల పదిహేనులో పెట్టాం. మొదట్లో పాత ఫోటోలు, దేవుడి బొమ్మలు, శుభోదయాలు. తర్వాత ఆడా మగా గొడవ మొదలైంది. ఎక్కడిదో ఒక వార్త ఎవరో పంపేవారు. భర్త మీద కేసు పెట్టిన భార్యదో, భార్యని చంపిన భర్తదో. దాని మీద మధ్యాహ్నం మొదలైన వాదన సాయంత్రం దాకా సాగేది. విజయనగరంలో ప్రాక్టీసు చేసే మిత్రుణ్ణి మేమంతా వకీలు అనేవాళ్ళం. వాడు 'చట్టాలన్నీ వాళ్ళ కోసమే, మన మాట వినే కోర్టు ఏది?' అని రాసేవాడు. బ్యాంకులో పనిచేసే సూరి ఒక్కడే ఎదురు తిరిగేవాడు. 'రాత్రి మీ ఇంట్లో చివర అన్నం తినేది ఎవరో చెప్పండి, తర్వాత కోర్టుల గురించి మాట్లాడదాం,' అని రాస్తే వాడి మీద పదిమంది పడేవాళ్ళు.

ఆ రోజుల్లో మాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. మగాడికి ఏడ్చే హక్కు కూడా లేదన్న మాట. ఎవడు రాసినా చప్పట్లే. 'మనం మనసు విప్పాలి, ఒకరితో ఒకరం చెప్పుకోవాలి, ఈ గ్రూపు ఉన్నది అందుకే,' అని నేనే ఒకసారి పొడుగ్గా రాశాను. చాలా మెచ్చుకున్నారు.

వాడు మొదట్లో ఈ వాదనల్లోకి వచ్చేవాడు కాదు. ఆ ఏడు చివర్లో నౌపడ వైపు పనుండి వాళ్ళింటికి వెళ్ళాను. పెంకుటిల్లు, ముందు చిన్న అరుగు. మూల వాళ్ళమ్మ ఎండుచేపల్లో పీచు ఏరుతోంది. వాడి భార్య మంచినీళ్ళు తెచ్చింది. కళింగపట్నం దగ్గర ఊరి పిల్ల. పెళ్ళై నాలుగేళ్ళు. "బాగున్నావా అమ్మా?" అన్నాను. ఆమె మొహం పక్కకి తిప్పి, "బాగున్నానండి," అంది.

"సూసినావా? ఎవులు మాట్లాడినా మొకం అటు తిప్పీసుకుంటాది," అన్నాడు వాడు నవ్వుతూ.

పొగరనుకున్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ తలెత్తలేదు. భోజనాల దగ్గర వాడు నాకు పెద్ద ముక్కలు వేసి తను తలకాయ తీసుకున్నాడు. చేప తలకాయ తినడం వాడికి పెద్ద పని. ఒక్కో ఎముకా విడదీసి, కంచం అంచున వరసగా పేర్చేవాడు. అంత నెమ్మదైన చేతులు ఎవరి మీదా లేస్తాయని నేను అనుకోలేదు.

మరుసటేడు ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. కేసు పెట్టింది. ఊరి పెద్దలు కూర్చున్నారు. అప్పుడు వాడు గ్రూపులోకి వచ్చాడు. రెండు దగ్గులు. "ఆఁ, ఇనండి. నా బతుకు సెప్తాను. పుట్టు సెవుడు దాసి నాకు కట్టబెట్టినారు. పెద్దల ముందు అదే సెప్పినాను. మాట్లాడితే మొకం తిప్పుకునే మనిసితో నాలుగేళ్ళు కాపరం సేసినాను. ఇప్పుడు నేను కొట్టినానని కేసు. మగోడు ఎవులికి సెప్పుకుంటాడు? అంతే. పెట్టేస్తన్నాను."

ఆ రోజు గ్రూపులో వచ్చినన్ని మాటలు ఎప్పుడూ రాలేదు. 'నీ వెనక మేమున్నాం మావా.' 'మగాడి బాధ ఇదీ.' వకీలు కేసు ఉచితంగా చూస్తానన్నాడు. అప్పటి నుంచి ఏ వాదన వచ్చినా 'నౌపడ మావ ఏమంటాడో విందాం' అనడం అలవాటైంది. వాడు చెప్పేవాడు. ఒడ్డున ఏ గొంతుతో పాట పెట్టేవాడో అదే గొంతుతో ఆమెను తిట్టేవాడు. వారం వారం తిట్లు పెరిగాయి. ఆమె వంట, నడక, పుట్టిల్లు ఏదీ మిగల్లేదు. మేం వింటూ నవ్వుకునేవాళ్ళం, కొట్టులో గిరాకీ లేనప్పుడు నేను రెండోసారి కూడా వినేవాణ్ణి.

సూరి ఒకరోజు రాశాడు: 'ఒరే, రెండేళ్ళుగా వింటున్నాం. ఆమె వైపు మాట ఎవరైనా అడిగారా?'

నేను విడిగా ఫోను చేసి, "బాధలో ఉన్నవాణ్ణి పొడవకురా," అన్నాను. సూరి సరేనని పెట్టేసి, ఆ సాయంత్రమే గ్రూపు లోంచి వెళ్ళిపోయాడు. వెనక్కి రమ్మని నేను అడగలేదు. వాడు లేకపోవడం సుఖంగా ఉంది.

ఎందుకు సుఖంగా ఉందో ఇక్కడ చెప్పాలి. అంతకు కొన్నేళ్ళ ముందు, దేని మీదో మాటా మాటా పెరిగి, నా భార్య మీద చెయ్యెత్తాను. దెబ్బ పడలేదు. కానీ ఆ చెయ్యి చూసి ఆమె మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెయ్యి దించాను, ఆమె మోచెయ్యి దించింది. దాని గురించి ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. గ్రూపులో మగాళ్ళ కష్టాల గురించి రాసినప్పుడల్లా నాకు ఆ మోచెయ్యి కనపడేది కాదు. అందుకే రాసేవాణ్ణేమో.

రెండువేల పద్దెనిమిది దసరా ముందు తిత్లీ తుఫాను వచ్చింది. చీపురుపల్లిలో మాకు గాలీ వానా, అంతే. నౌపడ అవతలి ఊళ్ళకి కరెంటు స్తంభాలు లేవు, కొబ్బరిచెట్లు లేవు, ఫోను లేదు. పన్నెండు రోజులు వాడి సంగతి ఎవరికీ తెలియలేదు. గ్రూపులో 'మావ క్షేమమేనా?' అని నాలుగైదుసార్లు అడిగి వదిలేశాం.

దసరా వెళ్ళిన వారంలో ఒక మధ్యాహ్నం వాడి గొంతు వచ్చింది. నేను కొట్టులో ఉన్నాను. సంతోషం పట్టలేక ఫోను బల్ల మీద పెట్టి గట్టిగా వినపడేలా నొక్కాను. అదే వేళకి నా భార్య క్యారేజీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

ఈసారి దగ్గు లేదు.

"ఆఁ, ఇనండి. కరెంటింకా రానేదు. జనరేటరు కాడ ఫోను ఎక్కించుకున్నాను. ఇంటి మీద పెంకులు లేవు. ఇన్నాళ్ళూ మీరెవులూ లేరు, నేనూ మా అమ్మే. మొన్న అది వచ్చింది. కళింగపట్నం నుంచి బియ్యం, మంచినీళ్ళు పట్టుకొని, ఎవులిదో వేను ఎక్కి వచ్చింది. నాకోసం కాదు. గుమ్మం తొక్కనేదు. 'అత్తకి తెచ్చినాను' అని మా అమ్మ సేతికి ఇచ్చింది. నేను పక్క నుంచి పిలిసినాను. పలకనేదు. మళ్ళీ పిలిసినాను. పలకనేదు. కోపమొచ్చింది. అప్పుడు తెలిసింది, దానికి ఎడంపక్కన నిలబడ్డానని. మీకు సెప్పేవోణ్ణి గదా, మాట్లాడితే మొకం తిప్పుకుంటాదని. తిప్పుకోదు. ఎడం సెవి ఇనపడదు దానికి. కుడి సెవి మనకి పెట్టి ఇంటాది. పుట్టు సెవుడు కాదు. నేనే కొట్టినాను. తాగి కాదు. పాటకాడ ఒకడు నలుగురిలో నన్ను మాటన్నాడు, ఇంటికొచ్చి దాన్ని కొట్టినాను. సెవిలోంచి రగతమొచ్చింది. పెద్దల ముందు పుట్టు సెవుడని సెప్పినాను. మీకూ అదే సెప్పినాను. మీరందరూ నా వైపు మాట్లాడినారు. అబద్దంరా అది. అంతే. పెట్టేస్తన్నాను."

గ్రూపులో ముందు ఒకడు, 'ఎవరి చేతిలో పడిందిరా వీడి ఫోను?' అన్నాడు. ఇంకొకడు, 'తుఫానుకి మతి పోయింది పాపం.' మూడోవాడు, 'ఎవడింట్లో లేదు? ఇవన్నీ గ్రూపుల్లో పెడతారా?'

వకీలు నాకు ఫోను చేశాడు. "కేసు నడుస్తోందిరా. ఆమె వైపు ఒక్క రుజువు లేదు. ఇదెవడైనా పక్కకి తీసి పెట్టుకుంటే వీడి పని అయిపోతుంది. గంట దాటితే తియ్యడానికి అవదు. నువ్వు చెప్తే వింటాడు, తీయించు."

నేను వాడికి ఫోను చేశాను.

"తీసెయ్రా అది."

"ఎందుకు?"

"కేసు ఉందిరా బాబూ. పరువు పోతాది. నీదే కాదు, గ్రూపుది కూడా."

అటు గాలి హోరు. తర్వాత వాడు నవ్వాడు. "ఏడుపొస్తే ఏడవమన్నావు గదరా సావుకారీ. మగోడు మనసు ఇప్పాలని నువ్వే రాసినావు గదా. ఇప్పినాను."

"అది వేరు, ఇది వేరు."

"ఏటి వేరు?"

"ముందు తీసెయ్, తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను.

"సర్లే. నువ్వు సెప్పినావని తీస్తన్నాను," అన్నాడు.

రెండు నిమిషాల్లో ఆ మాట ఉన్నచోట, ఈ మెసేజీ తొలగించబడిందన్న గీత మిగిలింది. వకీలు బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఎవరో తుఫాను బాధితులకి బియ్యం పంచుతున్న ఫోటో పంపారు.

నా భార్య అప్పటిదాకా క్యారేజీ చేత్తోనే పట్టుకుని నిలబడి ఉంది.

"ఏటి సెప్పినారు ఆయనకి?" అంది.

"తీసెయ్యమన్నాను. పరువు పోతుంది కదా."

"ఎవులి పరువు?"

క్యారేజీ బల్ల మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఇంటికెళితే మామూలుగానే వడ్డించింది. నేనూ మామూలుగానే తిన్నాను.

ఆ తర్వాత గ్రూపులో వాడి గొంతు మళ్ళీ వినపడలేదు. కార్తీకం వెళ్ళేసరికి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. ఆ వైపు ఊళ్ళల్లో ఎన్నో ఇళ్ళలో ఉన్న జబ్బే. వారానికి రెండుసార్లు వాళ్ళమ్మ ఆటోలో డయాలసిస్‌కి తీసుకెళ్ళేది. పుష్యమాసంలో ఒకసారి చూడడానికి ఆసుపత్రికి వెళ్ళాను. మంచాల వరసలో చివరి మంచం. చేతికి గొట్టాలు. పొట్టి మనిషి ఇంకా పొట్టయ్యాడు, మొహం ఉబ్బింది. నన్ను చూసి గొట్టం లేని చేత్తో దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

కుశలాలేమీ లేకుండా అన్నాడు: "ఒరే సావుకారీ, దాని సెల్లికి సంబందాలు కుదరడం లేదంటరా. మూడు వచ్చి ఎనక్కిపోనాయంట. ఆ ఇంట్లో పుట్టు సెవుడున్నాదని మన ఊరోళ్ళే సెప్తన్నారంట. నా మాటే రా అది. నేను పెద్దల ముందు అన్నదే ఊళ్ళు తిరుగుతన్నాది."

"నువ్వు ముందు ఒళ్ళు బాగుచేసుకో."

"ఒళ్ళు బాగవదు. ఈ నెలాకర్న పెద్దలు కూకుంటారు. ఎల్లి సెప్పీద్దామనుకుంటన్నాను. నువ్వు రా నాతో. పక్కన నిలబడు సాలు. ఏటీ మాట్లాడొద్దు."

"నేనెందుకురా? నీ ఊరు, నీ మనుషులు."

"ఒక్కణ్ణీ ఎల్తే నోరు రాదురా," అన్నాడు. పడవలన్నిటికీ వినపడే గొంతు వాడిది. ఆ మాట మాత్రం నేను వంగితేగాని వినపడలేదు.

"సరే, ఫోను చెయ్," అన్నాను.

చేశాడు. రెండుసార్లు. మొదటిసారి కొట్టులో సరుకు దిగుతోందన్నాను. రెండోసారి ఫోను ఎత్తలేదు. ఆమెతో ఎదురుపడాల్సి వస్తుందన్న భయం కొంత. ఆ పెద్దల ముందు నిలబడితే నా గురించి కూడా ఎవరైనా అడుగుతారన్న భయం ఇంకొంత. అడిగేవాళ్ళెవరూ లేరని తెలిసీ.

ఆషాఢంలో పోయాడు. పదో రోజుకి నేనొక్కణ్ణే ప్యాసింజరెక్కి నౌపడలో దిగాను. బ్యాచ్ నుంచి ఇంకెవరూ రాలేదు. ఇంటి ముందు టార్పాలిన్ కట్టారు. పైకప్పు మీద సగం కొత్త రేకులు. ఊరి పెద్దలు ఐదారుగురు ఒక పక్క కుర్చీల్లో కూర్చున్నారు. వాడి భార్య వచ్చింది. అరుగు మీద వాళ్ళత్త పక్కన కూర్చుని ఉంది. గాజులు తీసే తంతు ఏదో మొదలుపెట్టబోతే, "అవి నేను ఎప్పుడో తీసీసినాను," అని చేతులు చూపించింది. ముసలమ్మ "వొగ్గీయండర్రా," అంది. వదిలేశారు.

భోజనాలకి ముందు ఆమె నన్ను పిలిచింది. వెళ్ళి కుడివైపు కూర్చున్నాను.

"అన్నయ్యగారూ, ఆయన మీ ఫోనుల్లో ఏదో సెప్పినాడంట. మా అత్త సెప్పింది. ఏటి సెప్పినాడు?"

చెప్పాను. ఒక్క ముక్కా మర్చిపోవడం నా వల్ల కాలేదు. పాటకాడ మాట పడడం, చెవి, రక్తం, పెద్దల ముందు అబద్ధం. అయిపోయాక ఆమె కుర్చీల వైపు చూపించి, "ఆళ్ళకి ఇనపడేలాగ సెప్పండి," అంది.

లేచి నిలబడి చెప్పాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది. పెద్దల్లో ఒకాయన, తెల్ల మీసాలాయన, అంతా విన్నాడు.

"ఉన్నాదేటి ఆ మాట నీ ఫోనులో? ఇనిపించు."

"లేదండి. నేనే తీయించేశాను."

"మరెందుకు బాబూ? సచ్చిపోనోడి మీద ఇప్పుడు ఇయ్యన్నీ ఏల?"

పక్కాయన, "కూడు తినండి, టైమవుతన్నాది," అన్నాడు.

అప్పుడు అరుగు మీద నుంచి ముసలమ్మ లేచింది. గోడ పట్టుకుని నిలబడింది.

"కొట్టినాడు," అంది. "నా కొడుకే. నాను సూసినాను. ఈ గుమ్మంలోనే. నాను రగతం తుడిసినాను. ఆ దినం మీరు కూకుంటే నాను నోరిప్పనేదు. కొడుకు గదా అని ఇప్పనేదు. పుష్యంలో ఆడు సెప్పీడానికి మీ కాడికే వచ్చినాడు. గంటసేపు నిలబడినాడు, ఆ పక్కన. ఏట్రా అని మీలో ఒక్కడూ అడగనేదు. తిరిగొచ్చీసినాడు. పుట్టు సెవుడు కాదు. ఇంకెవులైనా ఆ మాటంటే నా కాడికి రండి."

తెల్ల మీసాలాయన కుర్చీలోంచి లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "సరేనమ్మా. ఇన్నాం," అన్నాడు. ముసలమ్మ అలాగే నిలబడి ఉంది. కోడలు ఆమె జబ్బ పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె చేతిలో మొహం పెట్టుకుని ముసలమ్మ కొడుకు కోసం ఏడ్చింది. కోడలు ఏడవలేదు.

భోజనాలయ్యాక ఆమె ఆటో కోసం రోడ్డు మీదకి వచ్చింది. నేనూ స్టేషనుకి బయల్దేరాను. కొంత దూరం ఇద్దరం కలిసి నడిచాం. ఏదో ఒకటి అనాలని, "ఇప్పుడిక మీ చెల్లెలికి సంబంధం కుదురుతుందమ్మా. పెద్దలే విన్నారు కదా," అన్నాను.

ఆమె ఆగింది.

"అయిపోనాదండి దాని పెళ్ళి," అంది. "ఎవులూ రాకపోతే మా నాన్న బెంగపెట్టేసుకుని, రెండో పెళ్ళోడికి ఇచ్చీసినాడు. దానికి ఇరవై. ఆయనకి నలబై దాటినాయి. మొదటి పిల్లలు ఇద్దరున్నారు."

ఆటో వచ్చి ఆగింది. ఆమె ఎక్కి సంచి ఒళ్ళో పెట్టుకుంది.

"మీరు ఆ మాట తీయించింది ఎప్పుడన్నారు?" అంది.

"దసరా వెళ్ళిన వారంలో."

ఆమె వేళ్ళ మీద నాలుగు నెలలు లెక్కపెట్టింది.

"దాని పెళ్ళి మాగమాసంలో అయిందండి," అంది.

డ్రైవరు గేరు వేశాడు.